వైద్యసేవల విధానంలో న్యాయవాదికి చోటెక్కడ?

న్యాయశాస్త్రం చదివినవారు వైద్యసేవలు అందరికీ అందేలా చూసే విధానాల రంగంలో నిలదొక్కుకోగలరా, అందుకు ఏం నేర్చుకోవాలి అని మీరు అడిగారు. నిలదొక్కుకోగలరు. రోగుల హక్కుల సంస్థల తరఫున ఏళ్ల తరబడి నేను చేస్తున్నది ఈ పనే. అయితే చట్టం చదివినంత శ్రద్ధగా లెక్కలు చదవడం రాకపోతే ఇందులో నెగ్గుకురావడం కష్టం.

దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఆ దేశ రాజ్యాంగంలోని 27వ సెక్షన్ వైద్యసేవలు పొందే హక్కును ఇస్తూనే, ఉన్న వనరుల మేరకు దాన్ని క్రమంగా అమలు చేసే వెసులుబాటును ప్రభుత్వానికి ఇచ్చింది. 1997లో సూబ్రమనీ అనే రోగి డయాలసిస్ కోరినప్పుడు, యంత్రాలు చాలక కొందరినే ఎంచుకోవలసి వస్తోందన్న ప్రభుత్వ వాదనను న్యాయస్థానం అంగీకరించి, ఆయన అభ్యర్థనను తోసిపుచ్చింది. 2002లో అదే సెక్షన్ కింద, హెచ్ఐవీ రోగులకు చికిత్స కోసం పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంస్థ ప్రభుత్వం మీద గెలిచింది. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకే ముప్పును తగ్గించే నెవిరపిన్ మందును తయారీ సంస్థ ఐదేళ్లపాటు ఉచితంగా ఇస్తానన్నా, ప్రభుత్వం దాన్ని కొన్ని ఎంపిక చేసిన కేంద్రాలకే పరిమితం చేసింది. మందు ఖర్చే లేనప్పుడు, ఇవ్వగల ఇతర ఆసుపత్రుల్లోనూ దాన్ని ఎందుకు ఆపాలన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. హక్కు మారలేదు, సాక్ష్యం మారింది.

రోజువారీ పనిలో ఇంత ఆర్భాటం ఉండదు. చికిత్స ఖర్చు భరించబోమని బీమా సంస్థలు పంపే తిరస్కరణ పత్రాలు చదవడం, అప్పీలు గడువు దాటకుండా చూడడం, ముసాయిదా నిబంధనల మీద అభ్యంతరాలు రాసి పంపడం దానిలో ఎక్కువ భాగం. విసుగు పుట్టించే పనే, కాదనను. కానీ వేర్వేరు కుటుంబాలకు ఒకే కారణంతో తిరస్కరణ వస్తోందని తెలిసిన రోజున, లోపం ఏదో ఒక గుమస్తాది కాదని, నిబంధనలోనే ఉందని నిరూపించే ఆధారం చేతికి వస్తుంది. కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం 2008లో టీ-760 తీర్పు ఇచ్చినప్పుడు 22 వ్యక్తిగత కేసులను కలిపి విచారించి, ఆరోగ్య వ్యవస్థనే సరిచేయాలని ఆదేశించింది.

ఆదాయం కార్పొరేట్ ప్రాక్టీసుతో పోటీపడదు. మొదటి ఉద్యోగంగా విధాన పరిశోధన సంస్థ కంటే రోగుల అప్పీళ్లు చూసే న్యాయసహాయ కేంద్రాన్నే ఎంచుకోమంటాను. ఏ నిబంధన ఎక్కడ మనిషిని ఆపుతుందో అక్కడ చూసినవారు రాసే ముసాయిదాకు శాసనసభా సంఘాల ముందు బలం ఉంటుంది.