ఆరు లక్షల అప్పు వద్దు, ఆరు నెలల డబ్బు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. వయసు 37. విజయవాడ ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకి 68 వేలు వస్తుంది. మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం ఉంది. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీలకి ఆటో ఖర్చుతో కలిపి 20 వేలు అవుతోంది. అద్దె 12 వేలు, ఇంటి ఖర్చు 18 వేలు, చీటీ 10 వేలు, బంగారం మీద తెచ్చిన 3 లక్షలకి వడ్డీ 3 వేలు, పిల్లల పాలసీకి 3 వేలు. చీటీ 5 లక్షలది, 50 నెలలు. 30 వాయిదాలు కట్టాను, ఇంకా పాడుకోలేదు. స్టెమ్ సెల్ చికిత్స చేయిస్తే బాబుకి మాటలు వస్తాయని వేరే ఊళ్లో ఒక క్లినిక్ వాళ్లు చెప్పారు. 6 లక్షలు అవుతుందట. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు, నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు అడుగుతున్నారు. తీసుకోమంటారా? మా ఆవిడ టీచర్ ఉద్యోగం మానేసి మూడేళ్లయింది. రాత్రిళ్లు సరిగా నిద్ర ఉండదు. సొంత తమ్ముడి పెళ్లికి కూడా ఒక్క పూట వెళ్లి వచ్చేసింది.

జవాబు: తీసుకోవద్దు. ఈ అప్పు ఏ రూపంలోనూ వద్దు.

ఆరు లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 12 వేలు, ఏడాదికి 1,44,000. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 66 వేలు, మిగిలేది 2 వేలు. ఆ 12 వేలు ఎక్కడినుంచి తెస్తారు? మూడో నెలకే థెరపీ మానిపించాల్సి వస్తుంది. బాబుకి నిజంగా పనికొచ్చేదాన్ని ఆపేసి, పనికొస్తుందన్న ఆధారం లేనిదానికి వడ్డీ కడతారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. బాబుని చూస్తున్న పిల్లల డాక్టరుని ఒక్కసారి ముఖాముఖి అడగండి.

ఇక ఖాళీ చెక్కుల సంగతి. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం, అంటే అధిక వడ్డీకి అప్పులిచ్చి జనాన్ని వేధించిన సంగతి, బయటపడినప్పుడు ఈ చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు వీధిన పడ్డాయో మీకు తెలియనిది కాదు. ఆ అప్పులిచ్చినవాళ్లలో చాలామంది మొదట 'తెలిసినవాళ్లే'. పదేళ్లు దాటినా మళ్లీ అవే ఖాళీ చెక్కులు, అవే నోట్లు నా దగ్గరకి వస్తుంటే నాకు కోపం వస్తుంది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి, అన్నదమ్ములకైనా సరే.

మీ ప్రశ్నకి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నల్లో పదిమందిలో ఎనిమిదిమంది నా ముందు కూర్చుని ఇదే పని చేస్తుంటారు. ఉన్నదంతా బాబు మీదే పెట్టేస్తారు, తమకోసం ఒక్క నెల ఖర్చు కూడా పక్కన ఉంచుకోరు. అలా ఉంచుకోవడం స్వార్థం అనుకుంటారు. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివరి రెండు వాక్యాల్లో ఉంది. మీ ఆవిడకి నిద్ర లేదు, పుట్టింటి పెళ్లిలో రెండు పూటలు కూర్చునే వీలు లేదు. రేపు ఆవిడకి టైఫాయిడ్ వచ్చి పది రోజులు మంచం పడితే బాబుని థెరపీకి ఎవరు తీసుకెళ్తారు? మీరు జీతం నష్టపోయి సెలవు పెట్టాలి, లేదా డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి. రెండింటికీ డబ్బు కావాలి. మామూలు ఇంట్లో అత్యవసర నిధి ఉద్యోగం పోయిన రోజు కోసం. మీ ఇంట్లో అది అమ్మ అలసిపోయిన రోజు కోసం కూడా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్ నగర్‌లో ఉండే ఒక కుటుంబం నాకు గుర్తు. వాళ్ల పాపకీ ఆటిజమే. అలవాటైన గది, అలవాటైన వేళలు తప్పితే ఆ పాప తిండి కూడా ముట్టదు. ఇల్లు నీళ్లలో ఉంటే బంధువుల ఇంట్లో పదిమంది మధ్య ఉంచలేక, మూడో రోజే పటమటలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. అడ్వాన్సు ఎవరినీ అడగలేదు, ఏడాదిన్నరగా కొంచెం కొంచెం కూడబెట్టిన నిధి బ్యాంకులో ఉంది. ఆ నెలలో వాళ్లు పడిన కష్టం తక్కువేం కాదు, కానీ అప్పు టెన్షన్ దానికి తోడవలేదు.

ఇక మీ అత్యవసర నిధి ఎంత ఉండాలో లెక్క చూద్దాం. అద్దె, థెరపీ, ఇల్లు, బంగారం వడ్డీ కలిపి 53 వేలు. చీటీ పాడుకున్నాక వాయిదా ఆపలేరు కాబట్టి ఆ 10 వేలూ కలపాలి. నెలకి 63 వేలు, ఆరు నెలలకి 3,78,000. మూడు నెలలు చాలవా అని అడుగుతారు. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే, ఆపలేని ఖర్చు 20 వేలుంది. చాలవు.

ఈ డబ్బు చీటీలోంచే రావాలి. స్కూలు ఫీజుల జూన్‌లోనూ దసరా ముందూ పాటకి పోటీ ఎక్కువ, ఆ నెలలు వదిలేయండి. పోటీ తక్కువగా ఉన్న నెలలో పాడితే 4,20,000 దాకా చేతికి వస్తుందనుకుందాం. అందులో 3,78,000 జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, ఇద్దరి పేరా, మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా వేయండి. మిగిలిన 42 వేలు బంగారం అప్పులో కట్టండి. ముందు బంగారం అప్పంతా తీర్చేస్తే వడ్డీ మిగులుతుంది కదా అని మీకు అనిపిస్తుంది. నిజమే, నెలకి 3 వేలు మిగులుతుంది. కానీ చేతిలో ఏమీ లేకుండా తీర్చిన బంగారం ఆరు నెలల్లో మళ్లీ తాకట్టుకి వెళ్లడం నేను ఎన్నోసార్లు చూశాను.

పిల్లల పాలసీ ఆపండి, కానీ మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకి డబ్బు వచ్చే జీవిత బీమా) చేతికి వచ్చాకే. టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించండి. అప్పుడు ఆ డబ్బు మీ ఆవిడకీ పిల్లవాడికీ చెందుతుంది, మీ అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. పిల్లల పాలసీ ఆపితే మిగిలే 3 వేలలో టర్మ్ పాలసీకి కట్టగా మిగిలినదాంతో వారానికి రెండు మధ్యాహ్నాలు బాబుని చూసుకునే మనిషిని పెట్టండి. ఆ రెండు పూటలూ మీ ఆవిడ నిద్రపోయినా సరే, ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెప్పుకున్నా సరే. దీన్ని దుబారా అనుకోకండి, నా లెక్కలో ఇది అద్దె పక్కనే రాసుకోవాల్సిన ఖర్చు.

మిగతావి క్లుప్తంగా. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ లేకపోతే వెంటనే స్లాట్ తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష వరకు ఉంటుంది, వైద్య పరీక్షలు అడగరు, థెరపీలకీ కొంత వస్తుంది. కానీ ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలి, దానికీ చేతిలో డబ్బుండాలి. వైకల్యం ఉన్నవాళ్లని పోషిస్తున్నందుకు ఆదాయపన్నులో ఇచ్చే 80డీడీ మినహాయింపు కోసం పాత పన్ను విధానంలోకి వెళ్లకండి, మీ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు. బాబుకి 18 నిండాక సంరక్షకుల నియామకం కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ చూస్తుంది, అది ఇప్పటి పని కాదు.

ఈ వారం రెండే పనులు. అప్పిస్తామన్నవాళ్లకి వద్దని చెప్పండి, ఇప్పటికే చెక్కులు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. తర్వాత చీటీ ఆఫీసుకి వెళ్లి గత ఆరు పాటలు ఎంతకి పోయాయో, జామీనుకి ఎవరు కావాలో రాయించుకుని రండి. ఆ అంకెలు పంపితే ఏ నెలలో పాడాలో చెబుతాను.