టమాటాలో పాము చారలు: వరి పాముపొడ మందు పనిచేయదు

ప్రశ్న: ఎకరంన్నరలో టమాటా నాటి నెల అయింది. కింది ఆకుల మీద పాము పాకినట్టు తెల్లటి వంకర చారలు వస్తున్నాయి. మందుల షాపులో 'సర్పెంటైన్' అన్నారు. వరికి పాముపొడ వచ్చినప్పుడు కొనగా మిగిలిన హెక్సాకొనజోల్ ఇంట్లో ఉంది, అది కొట్టవచ్చా? రెండు రోజుల కిందట మా అమ్మకు నడుము దగ్గర ఒక పక్క సర్పి లేచింది. చేలోనూ ఇంట్లోనూ ఒకేసారి రావడంతో పాము దోషం అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, మదనపల్లె ప్రాంతం

జవాబు: ముందు అమ్మగారి సంగతి. ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సర్పికి వైరస్ మందులు పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, మీకు ఇప్పటికే రెండు రోజులు గడిచాయి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి ఉండి, వయసు మీద పడ్డాక మళ్లీ లేస్తే వచ్చేదే సర్పి. తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. అది సాధారణంగా ఒంటికి ఒక పక్కనే ఉంటుంది. పొక్కులు ఎండేదాకా పసిపిల్లలను, గర్భిణులను ఆమెకు కాస్త దూరంగా ఉంచండి.

దోషం అన్న మాట పుట్టింది పేర్ల వల్లే. లాటిన్‌లో 'సెర్పెరె' అంటే పాకడం, అందులోంచే సర్పెంటైన్ వచ్చింది. గ్రీకులో అదే అర్థమున్న 'హెర్పీన్' నుంచి హెర్పిస్ వచ్చింది. డాక్టరు చీటీలో సర్పిని హెర్పిస్ జోస్టర్ అని రాస్తారు. మన 'సర్పం' కూడా ఈ మాటలకు చుట్టమే. పాకినట్టు కనబడిన ప్రతిదానికీ మనుషులు ఈ పేరే పెట్టుకుంటూ వచ్చారు. పేరు చెప్పేది రూపాన్నే, కారణాన్ని కాదు. అమ్మగారిది వైరస్. వరి పాముపొడ శిలీంధ్రం, దాని మచ్చలు పాము చర్మంలా ఉంటాయి కాబట్టి ఆ పేరు. టమాటాలో ఉన్నది ఆకు తొలిచే ఈగ, షాపులో సర్పెంటైన్ అన్నది దీన్నే.

హెక్సాకొనజోల్ శిలీంధ్రానికి మందు, ఈగను ఏమీ చేయదు. డబ్బా పక్కన పెట్టేయండి.

ఈ ఈగ అసలు అమెరికా ఖండాలది. మన దేశంలో 1990ల తొలినాళ్లలో బయటపడింది. రెండు మిల్లీమీటర్లు కూడా సరిగా ఉండదు, పసుపు, నలుపు కలిసిన రంగు. ఆడ ఈగ ఆకును పొడిచి లోపల గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు పై పొరకూ కింది పొరకూ మధ్య పచ్చదనాన్ని తింటూ పోతుంది. అది పెరిగే కొద్దీ చార వెడల్పవుతుంది. చివరికి ఆకు చీల్చుకుని నేల మీద పడి, మట్టిలో కోశస్థ దశకు (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశ) వెళ్తుంది. అందుకే స్ప్రే చేసే ముందు ఆకును ఎండకు ఎత్తి చూడండి. చార వెడల్పు చివర లేత పసుపు పురుగు కనిపిస్తేనే మందు. ఖాళీ చారకు మందు కొట్టడం డబ్బు దండగ.

కింది ముదురు ఆకులకే పరిమితమైతే నేనైతే పురుగు మందు కొట్టను. ఆ ఆకులు తుంచి చేను బయట కాల్చేయండి, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి, సాయంత్రం పూట 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగు మందులు మాత్రం వద్దు. ఈ పురుగు మీద గుడ్లు పెట్టి చంపే చిన్న కందిరీగలు మీ చేలోనే ఉంటాయి. ఆ మందులకు ముందు చచ్చేది అవే, తర్వాత ఈగ రెట్టింపవుతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, రైతు ఖర్చు పెట్టి మరీ తన మిత్రులను చంపుకుంటున్నాడు.

లేత ఆకుల్లోకి కూడా పాకితే సయాంట్రానిలిప్రోల్ 10.26 శాతం ఓడీ మందు ఎకరాకు 360 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి ఒకసారి కొట్టండి. కాయ కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద చూసుకోండి. బీర, దోస, చిక్కుడు, బంతి పక్కనే ఉంటే వాటి ఆకులూ చూడండి, ఈగ అక్కడా పెరుగుతుంది.

ఇంకొకటి. చార సన్నగా వంకర్లు తిరగకుండా పెద్ద తెల్ల మచ్చలా ఉండి, లోపల కాళ్లున్న గొంగళి పురుగు కనిపిస్తే అది టూటా అనే వేరే పురుగు. 2014లో మహారాష్ట్రలో మొదట కనబడింది, కాయలను కూడా తొలుస్తుంది. దానికి లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టేవి) పెట్టాలి. అలాంటిది కనిపిస్తే ఆకు, పురుగు రెండూ కవర్లో పెట్టి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.