ధర మార్చినా సెర్చ్‌లో పాత ధరే వస్తుంటే

మారతహళ్లిలో మీ చీరల షాపు సమస్య చదివానండీ. మీ ఆన్‌లైన్ షాపు నడిచే షాపిఫైలో ధర మారిస్తే, యాప్‌ల మధ్య సమాచారం చేరవేసే ఎన్‌ఎయిట్‌ఎన్ ద్వారా, సైట్‌లో సెర్చ్ నడిపే మెయిలీసెర్చ్‌కి మొదట వెళ్లిందని, తర్వాత ఆగిపోయిందని అన్నారు. మార్పు జరగగానే షాపిఫై ఎన్‌ఎయిట్‌ఎన్‌కి కబురు పంపడాన్ని వెబ్‌హుక్ అంటారు. దానికి మీరిచ్చిన అడ్రసులో 'వెబ్‌హుక్-టెస్ట్' అని ఉంది, అసలు దొంగ అదే. మీరు తెరముందు కూర్చుని టెస్ట్ బటన్ నొక్కినప్పుడే అది వింటుంది. దాని బదులు ఎన్‌ఎయిట్‌ఎన్ ఇచ్చే ప్రొడక్షన్ అడ్రసు, అంటే అసలు వాడకానికిచ్చేది పెట్టి, అక్కడ వర్క్‌ఫ్లో ఆన్ చేయండి. కబురు అందిందన్న జవాబు షాపిఫైకి వెంటనే వెళ్లేలా పెట్టండి. షాపిఫై 5 సెకన్లే ఆగుతుంది, ఆపైన ఫెయిలైందనుకుని మళ్లీ పంపుతుంది.

ఇంకోటి. మెయిలీసెర్చ్‌కి పంపేటప్పుడు ఒక్కో చీరకు ఐడీగా షాపిఫై ఇచ్చే, 'జీఐడీ' అని మొదలయ్యే పొడవాటిది వాడుతున్నారు. అందులో కోలన్, స్లాష్ ఉంటాయి. మెయిలీసెర్చ్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప ఒప్పుకోదు. చివరి నంబరు ఒక్కటే పంపండి. చిక్కేమిటంటే, పంపగానే 202 అనే జవాబు కోడ్ వచ్చేస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. అది క్యూలో పడిందని మాత్రమే అర్థం. అసలు ఎర్రర్ మెయిలీసెర్చ్ టాస్కుల జాబితాలో కనిపిస్తుంది. నాకు ఒక రాత్రంతా దీనికే పోయింది.

తీసేసిన చీరలకు డిలీట్ వెబ్‌హుక్ విడిగా కావాలి. అన్నట్టు, బెంగళూరులో కస్టమర్లు కన్నడలో 'సీరె' అని కూడా కొడతారు, చీర, శారీలతో పాటు దాన్నీ పర్యాయపదాల్లో చేర్చండి.