తండ్రిగా సంతకం చేశారు, తమ్ముడిగా ఉత్తరం రాశారు

‘‘మాది గుంటూరు. బ్యాంకులో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక ఏడాదిపాటు విజయవాడ హాస్టల్లో ఉండి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంది. రెండోసారి కూడా నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు సైకాలజీ చదువుతానంటోంది. నాకు చెప్పకుండా సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాసిందట, ఆ దరఖాస్తు డబ్బు వాళ్ళమ్మ ఇచ్చిందట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎస్సీ. హెల్త్ సైకాలజీలోనూ, మంగళగిరి దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల సైకాలజీ ఆనర్స్‌లోనూ సీట్లు వచ్చాయి.

నా పదో తరగతిలోనే మా నాన్నగారు పోయారు. మా అన్నయ్య ఎకరం పొలం అమ్మి నన్ను చదివించాడు. నా ఉద్యోగం, పెళ్ళి, బ్రాడీపేటలో ఇల్లు కొనడం అన్నీ ఆయన చెప్పినట్టే చేశాను, ఏదీ చెడిపోలేదు. ఈ రోజుకీ ఆయన ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడతాను. ఆయనకు ఈ చదువు ఇష్టం లేదు. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మాయి మజ్జిగ తెచ్చి ఇస్తుంటే ‘పిచ్చివాళ్ళ మధ్య కూర్చుంటావా అమ్మా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి’ అన్నాడు. చదివించక తప్పదనుకుంటే ఇంటి పట్టునే ఉంచి దూరవిద్యలో చేయించమన్నాడు, లేదంటే రోజూ ఇంటికి వచ్చేలా మంగళగిరిలో చేర్చమన్నాడు. బి.డి.ఎస్. మేనేజ్‌మెంట్ సీటుకైతే సగం డబ్బు తనే పెడతానన్నాడు. ఆయన మాట నేనెప్పుడూ కాదనలేదు. ఆ రోజు నుంచి అమ్మాయి ఈ విషయం ఎత్తలేదు, ఒప్పుకున్నట్టే ఉంది. రెండు యూనివర్సిటీల్లో దేనికి విలువ ఎక్కువో చెప్పగలరు.’’

– ఒక తండ్రి, గుంటూరు

మీ ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను, దానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. హైదరాబాద్‌లో చేర్చండి. అది 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. హెల్త్ సైకాలజీకి అక్కడ ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. ఒకసారి చేరితే ఎం.ఎస్సీ. వరకు మళ్ళీ సీటు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఫీజు ప్రైవేటు యూనివర్సిటీ ఫీజు కన్నా బాగా తక్కువ. హాస్టళ్ళు ప్రాంగణంలోనే ఉంటాయి. మంగళగిరి వైపు యూనివర్సిటీలు చెడ్డవని నేను అనను. అక్కడ చదివి పైకి వచ్చే పిల్లలూ ఉంటారు. రెండు సీట్లూ చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఆలోచించాల్సింది పెద్దగా లేదు. బ్యాంకులో పనిచేసే మీకు ఈ లెక్క తెలియదని నేను నమ్మను.

కాబట్టి మీరు నాకు రాసింది దీనికోసం కాదు. అన్నయ్యకు ఎదురుచెప్పారన్న మాట మీ మీద పడకుండా ఎవరో ఒకరు ఆ మాట చెప్పాలి, అందుకు రాశారు. ‘ఒక తండ్రి’ అని సంతకం చేశారు గానీ ఉత్తరమంతా ఒక తమ్ముడు రాసినట్టుంది. మీ అన్నగారి మాటలు, ఆయన ఇష్టాయిష్టాలు, ఆయన పొలం, ఆయన పెడతానన్న డబ్బు పేజీ నిండా ఉన్నాయి. మీ అమ్మాయి సైకాలజీ ఎందుకు చదువుతానంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. అసలు ఆ మాట ఆమెను అడిగారా?

మీ అన్నగారి మీద నాకు గౌరవం ఉంది. తండ్రి పోయిన ఇంట్లో పెద్దకొడుకు పొలం అమ్మి తమ్ముణ్ణి చదివించడం చిన్న విషయం కాదు. ఆ ఎకరం ఉంచుకుని ఉంటే ఆయన పిల్లలు దాన్ని అనుభవించేవారు. మీ వదినగారు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట మనసులో అనుకునే ఉంటారు, అయినా పైకి అని ఉండరు. అలాంటి మనిషి ఫోన్ చేసినప్పుడు మీరు లేచి నిలబడటం మీ సంస్కారం, దాన్ని మానమని నేను చెప్పను. అయితే నిలబడి కూడా ‘అన్నయ్యా, అమ్మాయిని హైదరాబాద్‌లో చేరుస్తున్నాను’ అని చెప్పవచ్చు. గౌరవం వేరు, సొంత నోరు లేకపోవడం వేరు.

ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది, మీకు నచ్చకపోయినా చెబుతాను. ఋణం తీసుకున్నవాడే దాన్ని తీర్చాలి. ఆయనకు ఒంట్లో బాగులేకపోతే మీరు సెలవు పెట్టి ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చోండి. ఆయన ఇంట్లో శుభకార్యం జరిగితే బంధువులా భోజనానికి వెళ్ళి రాకుండా, తమ్ముడిగా ముందుండి ఖర్చు భరించండి. ఆ పొలం డబ్బు తిరిగి ఇస్తానంటే ఆయన నొచ్చుకుంటాడని నాకు తెలుసు. ఆయన పిల్లల చదువుకో, వైద్యానికో అది వేరే రూపంలో చేరవచ్చు. ఇవన్నీ మీరు చేయదగినవి, చేయవలసినవి. మీ కూతురి ఐదేళ్ల చదువు మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆ అప్పు పత్రం మీద ఆమె సంతకం లేదు.

బి.డి.ఎస్. సీటుకు సగం డబ్బు పెడతానన్న మాట కూడా ఆలోచించండి. ఆయన ప్రేమతోనే అన్నాడు, అనుమానం లేదు. దంతవైద్యం గౌరవమైన వృత్తే, కోరుకున్నవాళ్ళకు. ఆ డబ్బు తీసుకుంటే మీ ఇంట్లో రెండో తరం కూడా ఆయన ఫోనుకు లేచి నిలబడాలి. మీరు ఇష్టంగా నిలబడుతున్నారు. ఆమె నిలబడేది భయంతో.

ఇక మీ అమ్మాయి సంగతి. నీట్, సీయూఈటీ రెండూ మే నెలలో జరిగే పరీక్షలు. లాంగ్‌టర్మ్ హాస్టల్లో తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే చదువుల మధ్య, మీకు తెలియకుండా, తల్లి దగ్గర డబ్బు తీసుకుని ఆ పిల్ల ఇంకో దరఖాస్తు నింపింది. నీట్ పోయింది కాబట్టి ఏదో ఒకటి చదువుదామని పెట్టిన దరఖాస్తు కాదది, నీట్ ఫలితం రాకముందే పెట్టింది. ఆమె ఈ చదువును ఎప్పుడో కోరుకుంది, మీకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. ఆ ధైర్యం తల్లి దగ్గర దొరికింది. మీ భార్య ఏమనుకుంటున్నారో కూడా ఉత్తరంలో రాయలేదు. ఆవిడ తన అభిప్రాయాన్ని ఆ దరఖాస్తు రుసుము రూపంలో ఎప్పుడో చెప్పేశారు.

పెదనాన్న మాట విని, మజ్జిగ గ్లాసు అందించి లోపలికి వెళ్ళిపోయిన పిల్ల ఒప్పుకున్నట్టు కాదు. మీరు అక్కడే కూర్చుని ఉన్నారు. పెద్దాయన అన్న మాటకు బాధపడి ఉంటుంది, నిజమే. నాన్న ఒక్క మాటైనా అంటాడేమోనని చూసి ఉంటుంది. మీరు ఏమీ అనలేదు. ఆమె మౌనం మీ మౌనానికి జవాబు. రెండుసార్లు నీట్‌లో దెబ్బతిన్న పిల్ల ఇంట్లో మాట్లాడటం తగ్గించిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. సరిగ్గా తింటోందా, రాత్రి నిద్రపోతోందా, స్నేహితుల ఫోన్లు ఎత్తుతోందా గమనించండి. అవసరమనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందుల్లో ఫోన్‌లోనే సాయం చేయడానికి 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆ ఫోను అవతల కూర్చుని ఆదుకునేవాళ్ళు చదివేది కూడా మీ అన్నగారు పిచ్చివాళ్ళ చదువు అన్న చదువులాంటిదే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని ఆ తీర్పులో చెప్పింది. విజయవాడ పక్కన గూడవల్లి, నిడమానూరు వైపు ఎన్ని కోచింగ్ హాస్టళ్ళున్నాయో మీరు అమ్మాయిని చూడటానికి వెళ్ళినప్పుడల్లా బస్సులోంచి చూసే ఉంటారు. వాటికి అర్హత గల మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? అలాంటి చోట ఏడాది గడిపిన పిల్ల ఈ చదువు కోరుకుంటోందంటే, అక్కడ ఏం చూసిందో, ఏం పడిందో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. నాకు తోచినంతవరకు ఈ సీటు కన్నా ఆ మాట వినడం మీకు ముఖ్యం.

మీ అన్నగారికి పేరున్నవాళ్ళ సంగతి కావాలంటే కోనేరు రామకృష్ణారావు గారి గురించి చెప్పండి. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, అక్కడే ఉపకులపతి అయి, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. దూరవిద్య మాట ఎత్తితే ఆ దారి మూసుకుపోయిందని చెప్పండి. సైకాలజీని ఆరోగ్య సంరక్షణ చదువుల్లో చేర్చి, 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి దాన్ని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఆదేశించింది. మనుషులతో చేయవలసిన పనిని మనుషుల మధ్యే నేర్చుకోవాలి, అది సరైన నిర్ణయమే.

ఒక నిజం మీకూ అమ్మాయికీ ఇప్పుడే తెలియాలి. సైకాలజీలో డిగ్రీ ఉన్నంత మాత్రాన, ఎం.ఎస్సీ. ఉన్నా సరే, క్లినికల్ సైకాలజిస్టుగా, అంటే మానసిక సమస్యలకు మందులు లేకుండా చికిత్స చేసే నిపుణురాలిగా, బోర్డు పెట్టుకోవడానికి వీల్లేదు. 1992 చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి, దానికి కౌన్సిల్ గుర్తించిన చోట శిక్షణ పొంది ఉండాలి. ఇంతకాలం ఎం.ఎస్సీ. తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్. ఆ దారిగా ఉండేది. కొత్త విద్యావిధానం వల్ల ఎం.ఫిల్. ముగింపుకు వచ్చింది, కౌన్సిల్ వేరే కోర్సులు తెస్తోంది. మీ అమ్మాయి ఎం.ఎస్సీ. ఆఖరికి వచ్చేసరికి ఏది అమల్లో ఉంటుందో ఏటా కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకుంటూ ఉండాలి. అంటే ఐదేళ్లతో చదువు అయిపోదని అనుకుని డబ్బు సర్దుకోండి. క్లినికల్ వైపు వెళ్ళకపోతే కాలేజీల్లో కౌన్సెలింగ్, పరిశోధన, సంస్థల్లో మానవ వనరుల విభాగం ఇలా వేరే దారులూ ఉన్నాయి. మందులు రాసేది మాత్రం సైకియాట్రిస్టులు. వాళ్ళు ఎం.బి.బి.ఎస్. మీద ఎం.డి. చేసినవాళ్ళు. బంధువులు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు, మీరు కలపకండి.

సంబంధాల భయం గురించి ఒక్క మాట. నీట్ కోసం ఏడాదిపాటు విజయవాడ హాస్టల్లో ఉంచినప్పుడు లేని భయం హైదరాబాద్ హాస్టల్ అనేసరికి ఎందుకు వచ్చింది? డాక్టరు అయితే ఎంత దూరమైనా ఫరవాలేదు, ఇంకేదైనా అయితే గడప దాటకూడదు అంటే ఆ భయం ఆడపిల్ల గురించి కాదు, పరువు గురించి. గుంటూరులో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హైదరాబాద్‌లో ఉంటారు. ఆమె చదువును తక్కువగా చూసే సంబంధం రాకపోతే మీకు పోయేదేమీ లేదు.

ఈ రాత్రి భోజనాలయ్యాక అమ్మాయినీ ఆమె తల్లినీ కూర్చోబెట్టుకోండి. టీవీ ఆపేయండి. ‘నీకు ఈ చదువు ఎందుకు ఇష్టం’ అని మాత్రమే అడిగి ఆగండి. ఆమె వెంటనే చెప్పకపోవచ్చు, మధ్యలో ఏడవవచ్చు. సలహాలు చెప్పకుండా వినండి. తర్వాత మీ సొంత ఖాతా నుంచే ఫీజు కట్టండి, అన్నగారి డబ్బు అందులో రూపాయి కూడా కలపకండి. హాస్టల్ దరఖాస్తుకు వేరే గడువు ఉంటుంది, అదీ చూసుకోండి.

ఫీజు కట్టాకే మీ అన్నగారి ఊరికి వెళ్ళండి, కట్టకముందు కాదు. మీ భార్యను వెంట తీసుకెళ్ళండి, అమ్మాయిని వద్దు, ఆ మాటలు ఆమె ముందు జరగనక్కర్లేదు. అనుమతి అడగడానికి వెళ్ళకండి, చెప్పడానికి వెళ్ళండి. ‘నువ్వు పొలం అమ్మి చదివించబట్టే ఈ రోజు నా కూతుర్ని నా జీతంతో చదివించుకోగలుగుతున్నాను’ అనండి. అది నిజం కాబట్టి అనడానికి కష్టపడక్కర్లేదు. ఆయనకు కోపం రావచ్చు, కొన్నాళ్ళు ఫోన్ చేయకపోవచ్చు. మీరే చేయండి, మీరే వెళ్ళి పలకరించండి, వదినగారి ఆరోగ్యం ఎలా ఉందో అడగండి. అమ్మాయి దసరా సెలవులకు వచ్చినప్పుడు ముందు పెదనాన్న ఇంటికి తీసుకెళ్ళి, ఏం చదువుతోందో ఆమెనే ఆయనకు చెప్పనివ్వండి.