కాసా వాలంటీర్‌గా చేయాలంటే లా తెలిసుండాలా? నా అనుభవం చెప్తా

"లా చదవలేదు, నా యాసకి కోర్టులో నవ్వుతారేమో, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, టెక్సస్‌లో కాసాకి పనికొస్తానా" అని అడిగారు కదా. పనికొస్తారండి. నేను డాలస్ పక్కనే ఉంటా, నాలుగేళ్ళుగా చేస్తున్నా, ఇది మూడో కేసు. కాసా అంటే కోర్ట్ అపాయింటెడ్ స్పెషల్ అడ్వొకేట్, పేరులో అడ్వొకేట్ ఉందని భయపడకండి, ఫాస్టర్ కేర్‌లో ఉన్న (సొంతింట్లో క్షేమం కాదని కోర్టు వేరేచోట ఉంచిన) పిల్లల తరఫున లాయర్ వేరే ఉంటారు. మనం వెళ్ళి పిల్లాణ్ణి చూసి, చూసింది చూసినట్టు జడ్జికి రాసిచ్చే మనిషి. 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి, పిల్లల సంగతి సరిగ్గా తెలీకుండా వాళ్ళ బతుకు తేల్చేయడం మనసొప్పక మామూలు జనాన్ని పిలిచి మొదలుపెట్టిన పని ఇది.

ట్రైనింగ్ 30 గంటలు, ఫింగర్‌ప్రింట్లు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఇంటర్వ్యూ, చివర్లో జడ్జి ముందు చెయ్యెత్తి ప్రమాణం. నేను హెచ్4 (మా ఆయన ఉద్యోగ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నప్పుడే చేరా, జీతం లేని పని కాబట్టి మా కాసా వాళ్ళు తీసుకున్నారు, మీ కౌంటీలో అడిగి చూడండి.

నా మొదటి కేసు ఏడేళ్ళ బాబు (వివరాలు కొంచెం మార్చి చెప్తున్నా). మొదటిసారి వెళ్తే నోరు విప్పలేదు, గంటసేపు ఊనో ఆడాం. ప్రతి కార్డూ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. నాకు అక్కడ తట్టలేదు, కారెక్కాక తట్టింది. స్కూల్లోనేమో అక్షరాలు రావట్లేదు, వెనకబడ్డాడు అని రాసేశారు. తర్వాతి వారం వాళ్ళమ్మని కలిసి చదువు సంగతి ఎత్తితే ఆవిడ ఒకటే అంది, "కళ్ళజోడు పెట్టుకోవట్లేదా?" అని. ఆ కళ్ళజోడు పాత ఇంట్లోనే ఉండిపోయింది, ఈలోపు వాడు రెండిళ్ళు మారాడు, వాడి కేసు చూసే ఉద్యోగి, అంటే కేస్‌వర్కర్, మారింది, ఫాస్టర్ తల్లికి వాడికి కళ్ళజోడు ఉందన్న సంగతే తెలీదు. మెడికెయిడ్‌లో (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వచ్చేదే, ఎవరో ఒకరు అడగాలి అంతే, నేను నెల రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే వచ్చింది.

ఇదే అమ్మ గురించి నా మొదటి రిపోర్టులో "తల్లికి శ్రద్ధ లేదు, బాబుని చూసే విజిట్లకి లేటుగా వస్తుంది" అని రాశా, సిగ్గుగానే చెప్తున్నా. మా సూపర్‌వైజర్ దాన్ని కొట్టేసి "శ్రద్ధ లేకపోవడం నీకు కంటికి కనిపించిందా? కనిపించింది రాయి" అంది. వెళ్ళి అడిగితే ఆవిడకి కారు లేదు, రెండు బస్సులు మారి వస్తోంది, ఇక్కడ కారు లేకుండా తిరగడం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. అదే రాశా, విజిట్ టైమ్ బస్సుకి తగ్గట్టు మార్చారు, లేటవడం ఆగిపోయింది. మనవాళ్ళం పెద్ద ఇల్లు, మంచి స్కూల్ చూడగానే పిల్లాడు అక్కడే ఉంటే బాగుపడతాడు అనేసుకుంటాం, నేనూ అనుకున్నా, కానీ అమ్మ దగ్గర క్షేమంగా ఉంటాడా లేదా అన్నదే మొదటి ప్రశ్న అని తలకెక్కడానికి నాకు చాలా రోజులు పట్టింది.

యాస సంగతా, ఒకసారి జడ్జి మళ్ళీ చెప్పమన్నారు, చెప్పా, అయిపోయింది. అసలు కష్టం వేరే. పిల్లాణ్ణి ఇంటికి తెచ్చి ఒక ముద్ద పెడదామంటే కుదరదు, మా ప్రోగ్రామ్‌లో కారు కూడా ఎక్కించుకోకూడదు, కేసు వివరాలు మా ఆయనకి కూడా చెప్పకూడదు. టెక్సస్‌లో కేసు ఏడాదిలో తేలాలి, తప్పనిసరైతే ఇంకో 180 రోజులు పొడిగిస్తారు, మాది 16 నెలలు పట్టింది, అప్పటికి మూడో కేస్‌వర్కర్. బాబు అమ్మ దగ్గరికే వెళ్ళాడు. కేసు మూసేశాక మనం ఫోన్ చేయడానికి లేదు. చివరి విజిట్‌లో ఊనో పెట్టె వాడి చేతిలో పెడితే "మరి నీకు?" అన్నాడు. ఇంకోటి కొనుక్కుంటాలే అన్నా. కొన్నా, ఇప్పటి పిల్లకి మాత్రం ఊనో అంటే చిరాకు, బొమ్మలేయడమే కావాలి.

హియరింగులు వారం మధ్యలో, పగలే పడతాయి, తొమ్మిదికి రమ్మని పదకొండున్నరకి పిలుస్తారు, మీ మేనేజర్‌తో ముందే మాట్లాడుకోండి. టిఫిన్ తినే వెళ్ళండి.