ధర్నా చౌక్ దాకా నడవబోతున్న మా బిడ్డకు

మల్కాజిగిరి,
హైదరాబాద్.

చిరంజీవి బిడ్డను ఆశీర్వదించి మీ పెద్దబాపు వ్రాయునది.

మొన్న ఆదివారం నువ్వు అడిగిన సంగతి ఫోనులో తేలేది కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. హాస్టల్ మెస్ చార్జీల విషయమై ఎనిమిది వందల మంది విద్యార్థులు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి అశోక్ నగర్ మీదుగా ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్ దాకా నడవబోతున్నారని చెప్పావు. అందరికీ తెల్ల చొక్కాలు కుట్టించి, నేను వచ్చి వారం రోజులు డ్రిల్లు నేర్పితే, పరేడ్ గ్రౌండ్స్‌లో జవాన్లు నడిచినట్టు అడుగులో అడుగు వేసి నడుస్తామని ఎంతో సంబరంగా అన్నావు. ఇరవై ఆరేళ్లు సైన్యంలో ఉండి, అందులో పదకొండేళ్లు రంగరూట్లకు, అంటే కొత్తగా చేరిన సిపాయిలకు, డ్రిల్లు నేర్పిన ఉస్తాదును కాబట్టి ఆ ఆలోచన నాకు నచ్చి తీరుతుందని నీ నమ్మకం. నచ్చలేదమ్మా. ఎందుకు నచ్చలేదో ముందు చెప్పి, నా డ్రిల్లులో మీకు పనికొచ్చేవి ఏవో తరువాత చెబుతాను.

కవాతు అనే మాట ఉర్దూ ‘ఖవాయిద్’ నుంచి మనకు వచ్చింది. నియమాలు అని దాని అర్థం. సిపాయి కవాతులో నియమం ముందు, నడక తరువాత. ‘తేజ్ చల్’ అంటే నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగు 30 అంగుళాలు. ఆ కొలత చూడడానికి మా దగ్గర పేస్ స్టిక్ అనే రెండు కాళ్ల కర్ర ఉండేది. కంపాసులాగా దాన్ని తెరిచి, రంగరూటు పక్కన తిప్పుకుంటూ నడిస్తే, వాడి మడమ పడవలసిన చోట పడిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోయేది. మొదటి వారంలో ప్రతి బ్యాచిలోనూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కుడి చేయీ కుడి కాలూ కలిపి ముందుకు వేసేవారు. ఊళ్లో పొలం గట్ల మీద ఇరవై ఏళ్లు చక్కగా నడిచిన పిల్లవాడు, తన నడకను ఎవరో చూస్తున్నారని తెలియగానే నడవడమే మరిచిపోయేవాడు. వాడి చేతులు సరిచేయడానికి నాకు నెల పట్టేది.

ఇంత శ్రమా ఎవరి కోసమో ఆలోచించు. వందనం స్వీకరించే వేదిక మీద నిలబడిన ఒక్క మనిషి కోసం. రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో నడిచే దళాల్లో పన్నెండు మంది చొప్పున పన్నెండు వరుసలు, మొత్తం 144 మంది ఉండడం చాలా కాలంగా వస్తున్న పద్ధతి. ‘దాహినే దేఖ్’ అనగానే అన్ని తలలూ ఒక్కసారి వేదిక వైపు తిరుగుతాయి. మన హైదరాబాదుకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఏనుగు ఎత్తుకుపోయిన కొడుకు అబ్దుల్లా క్షేమంగా తిరిగి వస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం మొక్కుకున్నదనే కథతో మొదలైన లంగర్ ఊరేగింపు, అసఫ్‌జాహీల కాలానికి వచ్చేసరికి నిజాం సేనలూ జాగీర్దార్ల బలగాలూ పాలకుడి కళ్లముందు కదిలిపోయే పెద్ద సైనిక ప్రదర్శన అయింది. తల్లి మొక్కు కాస్తా ప్రభువు లెక్కలోకి పోయింది. వేదిక మీదివాడికి తన బలం ఎంతో కనిపించాలి, దారి పక్కన నిలబడ్డ జనానికి ఆ బలం తమది కాదని తెలియాలి. చూసేవాళ్లు తాడు అవతలే నిలబడతారు, మధ్యలో దూరి కలిసి నడవరు.

మీ నడకకు ఆ తాడు ఉండకూడదు. అశోక్ నగర్ గల్లీల్లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు వేల మంది ఉంటారు, వాళ్లలో సగం మంది మీలాంటి మెస్సుల్లో తిన్నవాళ్లే. టీ కొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాడు గ్లాసు పక్కన పెట్టి నాలుగడుగులు మీతో వేయాలనుకుంటే, తెల్ల చొక్కా లేనందుకూ, అడుగు కలపడం రానందుకూ అక్కడే ఆగిపోతాడు. మీ హాస్టల్ వంటమనిషి కూడా అంతే. సైన్యం నడుస్తుంటే జనం చూస్తారు. జనం నడుస్తుంటే చూసేవాళ్లు కూడా జనంలో కలవాలి, అందుకు ప్రతి వరుసలో ఇంకొకరికి చోటు ఉండాలి. వేసుకున్న బట్టలతోనే రండి. ప్లకార్డు మీది అక్షరాలు మాత్రం రోడ్డు అవతలి ఫుట్‌పాత్ మీద నుంచి చదవగలిగేంత పెద్దవిగా రాయించండి.

యూనిఫారం వేసి రాజకీయం నడిపితే ఏమవుతుందో చరిత్ర చూపించింది. 1922 అక్టోబరు 28న ఇటలీలో ఫాసిస్టుల నల్లచొక్కాల దళాలు రోమ్ వైపు కదిలినప్పుడు వాళ్ల నాయకుడు ముస్సోలినీ మిలాన్‌లోనే కూర్చున్నాడు. ప్రభుత్వం తన చేతికి వస్తుందని తేలిన తరువాత, 30వ తేదీన, స్లీపర్ రైలులో రోమ్‌కు చేరాడు. ఆ పోకడ తమ వీధుల్లోకి కూడా రావడంతో బ్రిటన్ 1936లో రాజకీయ యూనిఫారాలను చట్టం చేసి నిషేధించింది. మీరు ముస్సోలినీ మనుషులని నేను అనడం లేదు, అంత మాట అంటే మీ నాన్న నాతో మాట్లాడడు. అయితే రోడ్డు మీద బూట్లు ఒకే లయలో మోగినప్పుడు వినేవాడి గుండెలో పుట్టేది భయమే. మెస్ చార్జీల గురించి న్యాయం అడగడానికి పోతూ ఎవరినీ భయపెట్టనక్కరలేదు కదా. పైగా అడుగు కలపడమే బలమని సైన్యం కూడా ఎప్పుడూ అనుకోలేదు. 1831లో ఇంగ్లండులోని బ్రాటన్ అనే చోట 74 మంది సిపాయిలు అడుగు కలిపి నడుస్తుండగా వేలాడే వంతెన కూలి, నలభై మంది దాకా నదిలో పడ్డారు. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. అప్పటి నుంచి వంతెన మీద అడుగు విడగొట్టి నడవమనే ఆజ్ఞ ఇస్తున్నారు.

ఇక మీకు పనికొచ్చే సంగతులు. మొదటిది వేగం, ఇది నా తప్పు వల్ల నేర్చుకున్న పాఠం. రిటైరైన కొత్తలో ఒక పింఛనుదారుల ఊరేగింపులో ముందువరుస నడిపించే పని నాకు అప్పగించారు. పాత అలవాటు కొద్దీ నిమిషానికి 120 అడుగులు వేసుకుంటూ పోయాను. వెనక్కి తిరిగి చూస్తే మేము మూడు ముక్కలై ఉన్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఒకాయన డివైడర్ మీద కూర్చుండిపోయాడు, మధ్య ఖాళీలోకి ఆటోలూ బస్సులూ వచ్చేశాయి, తోక భాగం సిగ్నల్ అవతల చిక్కుకుపోయింది. పొడవైన వరుస హార్మోనియం తిత్తి లాంటిది, ముందు కొద్దిగా సాగితే వెనక చాలా సాగుతుంది, ముందు నింపాదిగా నడిచినా వెనకవాళ్లు పరుగెత్తవలసి వస్తుంది. అందువల్ల మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందువరుసలో పెట్టి, ఆ మనిషిని దాటవద్దని మిగతావాళ్లకు చెప్పు. వరుసకు ఆరుగురు చొప్పున ఎనిమిది వందల మంది అంటే నూట ముప్పైకి పైగా వరుసలు, వరుసకూ వరుసకూ మీటరున్నర వదిలితే మొత్తం పొడవు రెండు వందల మీటర్లు. ముందువాళ్లు వేసిన నినాదం అంత దూరంలో ఉన్న తోకకు వినపడదు, నినాదం అందుకునేవాళ్లను యాభై మీటర్లకొకరిని నిలబెట్టుకో. 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి కింద నడిచేటప్పుడు స్తంభాల వల్ల దారి ఇరుకవుతుంది, మాట కూడా ప్రతిధ్వనించి కలగాపులగం అవుతుంది. అక్కడ నలుగురి వరుసకు మారండి, మైకు ఆపేయండి.

వాలంటీర్ల విషయంలో మా డ్రిల్లు నుంచి ఒక్కటి తీసుకో. కవాతులో వరుస అంతా ‘దర్శక్’ అనే మనిషిని చూసి సర్దుకుంటుంది. వాడు అరవడు, తొయ్యడు, తన చోటు మాత్రం వదలడు. వాలంటీరు పని కూడా అంతే. కర్రలు వద్దు, తాడు వద్దు, చేతికి రంగు గుడ్డ ఒకటి చాలు. వరుసకు రెండు వైపులా పాతిక మంది, తోకలో ఇద్దరు నమ్మకస్తులు ఉండాలి. పోలీసులతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి ఎవరో వాళ్లకూ మీకూ ముందే తెలిసి ఉండాలి.

అనుమతి గురించి క్లుప్తంగా చెబుతాను, నీకు తెలియనిది కాదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది, దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టే అధికారమూ అక్కడే ఉంది. మన ధర్నా చౌక్‌కే 2017లో తాళం పడి, మరుసటి ఏడాది హైకోర్టు జోక్యంతో మళ్లీ తెరుచుకుంది. ఇదివరకటి 144 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 163గా ఉంది, ఆ రోజు అది అమలులో ఉందో లేదో ముందు రోజే కనుక్కో. దరఖాస్తులో దారి, సమయం, ఎంతమంది, ముగింపు ఎప్పుడు అనేవి దాచకుండా రాయండి. గాంధీ 1930 మార్చి 2న వైస్రాయికి తాను చేయబోయేది ముందే రాసి, పదో రోజున సబర్మతి నుంచి దండికి బయలుదేరాడు.

దండి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అందరూ ఉప్పు గుర్తుంచుకుంటారు, నాకు మాత్రం భత్‌గామ్ గుర్తుంటుంది. మార్చి 29న ఆ ఊళ్లో గాంధీ సొంత మనుషులనే మందలించాడు. సూరత్ నుంచి లారీలో పాలు తెప్పించారని, రాత్రి నడకలో బరువైన కిట్సన్ దీపాన్ని ఒక కూలీ నెత్తి మీద మోయించారని ఆయన బాధ. పేదవాడి ఉప్పు కోసం నడుస్తూ పేదవాడి నెత్తి మీద దీపం పెట్టడం ఏమిటని ఆయన లజ్జపడ్డాడు. మెస్సులో తిండి గురించి నడుస్తున్న మీరు దారిలో ఎవరో స్పాన్సర్ చేసిన బిర్యానీ పొట్లాలు పంచుకుంటే ఫోటో ఎలా ఉంటుందో ఆలోచించు. మంచినీళ్లు, మజ్జిగ చాలు. ఖాళీ ప్యాకెట్లు ఏరడానికి నాలుగు సంచులు తీసుకుపోండి. అదే విధంగా 2018 మార్చిలో నాసిక్ నుంచి 180 కిలోమీటర్లు నడిచి వచ్చిన రైతులు, మరునాడు పదో తరగతి పిల్లలకు పరీక్ష ఉందని, ముంబయిలో చివరి భాగం రాత్రికి రాత్రే నడిచేశారు. ఆ ఒక్క రాత్రితో ఊరు ఊరంతా వాళ్ల వైపు తిరిగింది. మీరు ఎంచుకున్న రోజున అశోక్ నగర్‌లో ఏ పరీక్షా లేదని చూసుకున్నావా?

2011 మార్చి 10న తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ నాడు నేను ట్యాంక్ బండ్ మీద ఉన్నాను. ఎన్ని అడ్డంకులు పెట్టినా ఊళ్ల నుంచి జనం చేరుకున్న తీరు చూసి నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సాయంత్రం విగ్రహాలు కూలాయి. వాటి మీద కోపం ఉండడానికి కారణాలు లేవని నేను అనను. కానీ మరునాడు ఎక్కడ విన్నా జనం మాట కంటే విగ్రహాల మాటే ఎక్కువ వినపడింది, ఎంతో దూరం నడిచి వచ్చిన మనిషి సంగతి పక్కకు పోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 30న నెక్లెస్ రోడ్ మీద సాగర హారంలో వానలో తడుస్తూ నిలబడ్డ మనుషులే నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తారు. మీలో ఎవడైనా రాయి తీస్తే ఆ చేయి పట్టుకోవడానికి పక్కన ఎవరుంటారో ముందే తేల్చుకోండి.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది, ముగించడం. కవాతుకు ‘విసర్జన్’ అనే ఆజ్ఞ ఉంది, దాంతో మైదానం రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. జనానికి ఆ ఆజ్ఞ ఇచ్చేవాళ్లు ఉండరు. నేను చెప్పిన ఆ పింఛనుదారుల ఊరేగింపులోనే ముందువాళ్లు గేటు దగ్గరే కూర్చుండిపోయారు, వెనకవాళ్లకు ఆ సంగతి తెలియక తోసుకొచ్చారు, ఒకాయన కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. జనం మరీ ఒత్తుగా కిక్కిరిస్తే మనిషి కాళ్లు మనిషి ఆధీనంలో ఉండవు. అందుకని మీ ముందువరుస ధర్నా చౌక్ చేరగానే ఆగకుండా చివరి కొస దాకా పోయి కూర్చోవాలి, తోకకు దానంతటదే చోటు దొరుకుతుంది. ముగ్గురికి మించి మాట్లాడవద్దు. వినతిపత్రం ఎవరు తీసుకుంటారో, తీసుకునేవాళ్లు రాకపోతే ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోండి. చీకటి పడకముందే అమ్మాయిలు హాస్టళ్లకు చేరేలా, ఎవరు ఏ బస్సు ఎక్కుతారో ముందు రోజే కాగితం మీద రాసుకోండి. 1963 ఆగస్టు 28న అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం వాషింగ్టన్‌కు రెండున్నర లక్షల మందిని రప్పించిన బేయర్డ్ రస్టిన్ అందరూ అదే రోజు ఊరు వదిలి వెళ్లేలా ఏర్పాటు చేశాడు, మంచి మైకు సెట్టు కోసం పట్టుబట్టాడు. అంత చేసినా నాయకులు రాకముందే జనం నడక మొదలుపెట్టేశారు, నాయకులే పరుగున వచ్చి ముందువరుసలో చేరవలసి వచ్చింది. మీకూ అలా జరిగితే కంగారు పడకు.

డ్రిల్లు నేర్పడానికి నేను రాను గానీ, మీ వాలంటీర్లను వచ్చే శనివారం పొద్దున ఏడు గంటలకు ఇందిరా పార్కుకు తీసుకురా. ఆ దారి మొత్తం ఒకసారి నడిచి, ఎక్కడ ఇరుకో, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ ఆగి నీళ్లు తాగాలో చూసుకుందాం. అసలు రోజున నేను తోకలో నడుస్తాను, మోకాలు ఎలాగూ అంతకంటే ముందుకు నడవనివ్వదు. తోకలో ఉండేవాడికి ఫోను పనిచేయడం ముఖ్యం, నా ఫోనులో చార్జింగు మధ్యాహ్నానికే అయిపోతున్నది. మీవాళ్ల దగ్గర పవర్ బ్యాంకు ఉంటే ఆ రోజుకు ఒకటి ఇప్పించు.

ఇట్లు,
మీ పెద్దబాపు