పాఠకుల ప్రశ్నలు: రాతలో లేని రకారం

ప్రశ్న: మన పత్రికలు 'కల్నల్' అని రాస్తాయి. అమెరికన్లు మాత్రం 'కర్నల్' అని పలుకుతారు. స్పెల్లింగులో 'ఆర్' అక్షరమే లేనప్పుడు ఆ రకారం ఎక్కడిది?

జవాబు: ఈ మాటకు పలుకు ఒక దారిన, రాత మరొక దారిన వచ్చాయి. లాటిన్‌లో స్తంభాన్ని 'కొలుమ్నా' అంటారు. స్తంభంలా బారుతీరి నడిచే దళానికి అధిపతిని ఇటాలియన్లు ఆ మాట నుంచే 'కొలొన్నెల్లో' అన్నారు. ఫ్రెంచివారి నోట అది 'కొరొనెల్' అయింది. ఒకే మాటలో రెండు లకారాలు దగ్గరగా వస్తే నాలుకకు ఇబ్బంది. రకార లకారాలు చాలా దగ్గరి ధ్వనులు కనుక మొదటి లకారం సులువుగా రకారంలోకి జారింది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషు అరువు తెచ్చుకున్నది ఈ రకార రూపాన్నే. ఆ తరువాత ఇటాలియన్ మూలాన్ని ఎరిగినవారు రాతను లకారంతో దిద్దారు గాని పలుకును దిద్దలేకపోయారు. రెండు ఉచ్చారణలూ చాలాకాలం పక్కపక్కన సాగి, చివరకు నోట రకారమూ కాగితం మీద లకారమూ నిలిచాయి. స్పానిష్‌లో నేటికీ రాతా పలుకూ రెండూ 'కొరొనెల్' అనే. మనం కాగితం మీది రూపాన్ని తీసుకున్నాం. 'కల్నల్' తెలుగులో స్థిరపడిన మాట కనుక దాన్ని మార్చనక్కర లేదని నా అభిప్రాయం.

దీనికి ఎదురు మార్పు కూడా ఉంది. పరదేశి అనే అర్థం గల లాటిన్ 'పెరెగ్రీనుస్'లో రెండు రకారాలుండగా, మొదటిది లకారమై, అదే చివరకు ఇంగ్లీషులో యాత్రికుణ్ణి సూచించే 'పిల్‌గ్రిమ్' అయింది.

ప్రశ్న: 'క్రొత్త', 'ప్రొద్దు' అనే మాటల్లో రకారాన్ని వదిలేయడం అశ్రద్ధ కాదా?

జవాబు: కాదు. అసలు అలాంటి మాటల్లో రకారం మొదటి హల్లు పక్కకు చేరడమే ఒక మార్పు. తమిళంలో చెట్టును 'మరం' అంటారు. తెలుగులో అచ్చూ రకారమూ చోట్లు మార్చుకొని 'మ్రాను' అయింది. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. ఇంగ్లీషులో 'బ్రిడ్' కాస్తా 'బర్డ్' కావడం ఇలాంటిదే, అయితే అక్కడ జరిగింది ఎదురు దిశలో. తరువాతి కాలంలో మన 'మ్రాను' రకారాన్ని వదులుకొని 'మాను'గా మిగిలింది. 'క్రొత్త', 'ప్రొద్దు' కూడా అదే దారిన 'కొత్త', 'పొద్దు' అయ్యాయి. 'వ్రాయు'లో మాత్రం వకారమే పోయి రకారం నిలిచింది. కాబట్టి నేటి వచనంలో 'కొత్త', 'రాయు' అనడమే సహజం. పాత పద్యాన్ని ఉదాహరించేటప్పుడు మాత్రం రకారాన్ని తీసేయకూడదు, తీసేస్తే యతి గణాలు చెడవచ్చు.